ఫ్రెండ్‌షిప్ వద్దన్నాను

మీ దగ్గర దాచేదేముంది? డకోటా విమానం మీద మోజుతో సీనియారిటీ పోగొట్టుకున్నాను, జీతం పోగొట్టుకున్నాను, ఇంట్లో మనశ్శాంతిని చాలా ఏళ్లు పోగొట్టుకున్నాను. చేసింది తెలివితక్కువ పనని ఒప్పుకునేసరికి తల నెరిసింది. ఒప్పుకున్నాక కూడా మోజు తగ్గలేదు. మీకూ ఇలాంటిది ఏదో ఒకటి ఉండే ఉంటుంది. కిక్కు కొట్టి కొట్టి కాలు వాచినా అమ్మబుద్ధి కాని పాత లాంబ్రెటా ఒకటి మీ వరండాలోనూ ఉండే ఉంటుంది. ఆ ధైర్యంతోనే చెబుతున్నాను.

రిటైరైన పైలట్లం ఎక్కడ కలిసినా ఒకటే వరస. ఇరవై ఏళ్లు బోయింగ్ నడిపినవాడు కూడా బోయింగ్ ఊసెత్తడు. జెట్లలో సముద్రాలు దాటాం, ఖండాలు దాటాం, చెప్పుకోవడానికి ఒక్క ముక్క ఉండదు. డకోటాలో కలకత్తా నుంచి అగర్తలా వెళ్లిన కథ మాత్రం తెల్లవార్లూ సాగుతుంది, తెల్లారినా అగర్తలా రాదు. ఒకాయన బిజూ పట్నాయక్‌ని ఎత్తుకుంటాడు. 1947లో స్వయంగా డకోటా నడుపుకుంటూ, డచ్చివాళ్లని లెక్కచేయకుండా ఇండోనేషియా వెళ్లి అక్కడి నాయకుడు సుతాన్ షాహ్రిర్‌ని తీసుకొచ్చిన సంగతి. ఇంకొకాయన కాన్‌స్టలేషన్ విమానాల మనిషి. 1948 జూన్ 8న 'మలబార్ ప్రిన్సెస్' అనే కాన్‌స్టలేషన్ బొంబాయిలో లేచి కైరో, జెనీవాల మీదుగా లండన్ వెళ్లినప్పుడు ఆయన నిక్కర్లు వేసుకునే కుర్రాడు. అయినా ఆ ప్రయాణంలో తానూ ఉన్నట్టే చెబుతాడు. మూడు తోకలు, నాలుగు రైట్ ఇంజన్లు, ఒక్కో ఇంజన్‌కి పద్దెనిమిది సిలిండర్లు. నాలుగు ఇంజన్లతో లేచి మూడింటితో దిగడం దానికి అలవాటే. ఆ మాట అనేటప్పుడు ఆయన ముఖంలో ఫిర్యాదు కనపడదు, మురిపెం కనపడుతుంది.

నా మోజుకి పుట్టిల్లు బేగంపేట. నిజాం స్టేట్ రైల్వే, టాటాలు కలిసి 1945లో పెట్టిన డెక్కన్ ఎయిర్‌వేస్ విమానాలు అక్కణ్ణించే లేచేవి. యుద్ధం అయిపోయాక అమెరికా సైన్యం వదిలేసిన డకోటాలు మన దేశంలో బోలెడన్ని మిగిలిపోయాయి. బెంగళూరులో హిందుస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్ వాళ్లు వాటికి సీట్లు బిగించి ప్రయాణికుల విమానాలుగా మార్చేవాళ్లు. చవగ్గా దొరికాయి గనకే అప్పట్లో ఎటు చూసినా ఒక విమాన కంపెనీ పుట్టుకొచ్చింది. వాటిలో ఎనిమిదింటిని కలిపేసి 1953 ఆగస్టు 1న ఇండియన్ ఎయిర్‌లైన్స్ చేశారు, డెక్కన్ ఎయిర్‌వేస్ పేరు అక్కడితో పోయింది. నాకు మాత్రం పోలేదు. మిగతా కంపెనీలు ఆడమనిషని కాదు పొమ్మన్న ప్రేమ్ మాథుర్‌ని 1947లో పైలట్‌గా తీసుకున్నది ఆ కంపెనీయే. కంచె పట్టుకుని నిలబడ్డ పిల్లవాడికి లోపల నడుపుతున్నది ఎవరో ఏం కనపడుతుంది? కాని ఆవిడ నడిపిన విమానాన్ని చూశానని ఇన్నేళ్లుగా అందరికీ చెబుతూనే ఉన్నాను. చూసే ఉంటాను.

డకోటా ఇంజన్ స్టార్ట్ చేయడం ఎప్పుడైనా చూశారా? చూడకపోతే కాస్త కూర్చోండి, ఇది చెప్పకుండా నేను ముందుకి వెళ్లలేను. ప్రాట్ అండ్ విట్నీ వాళ్ల ట్విన్ వాస్ప్ ఇంజన్. ఏడేసి చొప్పున రెండు వరసల్లో గుండ్రంగా పేర్చిన పద్నాలుగు సిలిండర్లు, పన్నెండు వందల హార్స్‌పవర్. రాత్రంతా నిలబెట్టేస్తే ఆయిల్ కిందికి దిగి అడుగు సిలిండర్లలో చేరుతుంది. అది చూసుకోకుండా స్టార్టర్ నొక్కామంటే ఆ ఆయిల్ నలగదు, పిస్టన్ కడ్డీయే వంగిపోతుంది. అందుకని చీకటితోనే హెల్పర్లు ఒక్కో బ్లేడూ పట్టుకుని ప్రొపెల్లర్‌ని చేత్తో తిప్పేవాళ్లు. ఎక్కడైనా గట్టిగా అడ్డం తగిలిందా, అక్కడితో ఆపెయ్యాలి. ఆ పని వాళ్లది. అయినా నేను యూనిఫాం చేతులు మడిచి వాళ్లతో పాటు బ్లేడు పట్టేవాణ్ణి. కెప్టెన్ చేతికి నూనె అంటడం గొప్పగా ఉండేది నాకు.

తర్వాత కాక్‌పిట్. పెట్రోలు కొద్దిగా ప్రైమ్ చెయ్యాలి. ఎక్కువైతే మంటలు, తక్కువైతే ఉలుకూ పలుకూ ఉండదు. స్టార్టర్ స్విచ్చి పట్టుకుంటే లోపల చక్రం సన్నగా మొదలై కీచుమనేదాకా వేగం అందుకుంటుంది. అప్పుడు రెండో స్విచ్చి. బ్లేడు బరువుగా కదులుతుంది. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుని మాగ్నెటోలు వేస్తే ఒక సిలిండర్ దగ్గుతుంది. ఇంకోటి దగ్గుతుంది. భళ్లున నీలం పొగ. అయ్యో ఆగిపోయింది అనుకునేలోగా పద్నాలుగూ అందుకుంటాయి. మిక్స్‌చర్ లివర్ జరిపేసరికి కుర్చీ, కిటికీ అద్దం, నా దవడ ఎముక, జేబులో పెన్ను అన్నీ ఒకే తాళంలో వణుకుతాయి. ఆయిల్ నలభై డిగ్రీలకి వేడెక్కేదాకా ఊరికే కూర్చోవాలి. ఆ కూర్చోవడం కోసమే ఉద్యోగం చేశానంటే నమ్మండి.

ఇక నా అసలు గర్వం చెవి. డకోటాకి రెండు ప్రొపెల్లర్లు. రెండింటి వేగంలో ఏమాత్రం తేడా ఉన్నా విమానమంతా 'వూం... వూం...' అని ఊగుతూ మోగుతుంది. లివర్ని వెంట్రుకవాసి జరుపుతూ పోతే ఆ ఊపులు దూరందూరంగా వచ్చి, సాగి, చివరికి మాయమైపోతాయి. రెండు ఇంజన్లూ ఒకే గొంతుతో పాడతాయి. కలకత్తా ఎయిర్‌పోర్టులో నన్ను మించిన చెవి లేదని నా నమ్మకం. కో-పైలట్లని చెయ్యి వెయ్యనిచ్చేవాణ్ణి కాదు. పైకి లేచాక, ప్రొపెల్లర్లు కలిపాక, కాక్‌పిట్ తలుపు సందులోంచి వెనక్కి తొంగి చూసేవాణ్ణి, ప్రయాణికుల్లో ఒక్కరైనా గమనించారేమోనని. అందరూ నిద్రపోతుండేవాళ్లు. సరిగ్గా కలిపాను గనకే నిద్రపోతున్నారని సంతోషపడేవాణ్ణి.

వానాకాలం సంగతి వేరు. డకోటా ముందు అద్దం కారేది. ఎక్కడో ఒక విమానం కాదు, నేనెక్కిన ప్రతి డకోటా కారింది. మోకాళ్ల మీద రెయిన్‌కోటు పరుచుకుని, తడిసిన మ్యాపుని చొక్కాలో దాచుకుని, మేఘాల మధ్యే దారి వెతుక్కునేవాళ్లం. లోపల గాలి ఒత్తిడి నిలబెట్టే ఏర్పాటు దానికి లేదు, వాన మబ్బు పైకెక్కి దాటేద్దామంటే కుదరదు. వెనక ప్రయాణికులకి కడుపులో తిప్పి కాగితపు సంచులు చాలేవి కావు. ఇప్పుడు తలుచుకుంటే వాళ్ల మీద జాలేస్తుంది. అప్పుడు ఆ వానలో నా అంత సుఖపడ్డ మనిషి లేడు.

కో-పైలట్‌గా ఉన్న రోజుల్లో నాగపూర్ రాత్రి టపా కూడా తిరిగాను. 1949 జనవరిలో మొదలైన ఏర్పాటది. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల నుంచి నాలుగు విమానాలు లేచి నడిరాత్రి నాగపూర్‌లో కలిసేవి. టపా సంచులు, ప్రయాణికులు ఒకదాన్నించి ఒకదానికి మారేవాళ్లు. ఆ కాసేపూ క్యాంటీన్లో నాలుగు దిక్కుల పైలట్లం ఒక బల్ల చుట్టూ చేరేవాళ్లం. ఎవరి చెవులూ సరిగ్గా వినపడవు, అందరం అరుస్తూ మాట్లాడుకునేవాళ్లం. దేశంలో పొద్దున్నే ఎవరింటికి ఉత్తరం అందినా అది నేను తెచ్చిందేనని నాకు అనిపించేది. తెల్లవారాక పోస్ట్‌మాన్ కనబడితే నా కింద పనిచేసేవాణ్ణి చూసినట్టు తలాడించేవాణ్ణి.

దీనికంతటికీ కారణం ఏమిటా అని ముసలితనంలో తీరిగ్గా ఆలోచించాను. ఆ ఇంజన్‌కి అస్తమానం నా అవసరం ఉండేది. ఎత్తు పెరిగితే మిక్స్‌చర్ పలచన చెయ్యాలి. వేడెక్కితే కౌల్ ఫ్లాప్స్ తెరవాలి, చల్లబడితే ముయ్యాలి. కార్బురేటర్లో మంచు పేరుకోకుండా వేడిగాలి ఇవ్వాలి. దిగేటప్పుడు థ్రాటిల్ ఒక్కసారిగా లాగేస్తే కాలిపోతున్న సిలిండర్లకి చల్లగాలి కొట్టి పగుళ్లిస్తాయి, కాబట్టి మైళ్ల ముందునుంచే బుజ్జగిస్తూ తగ్గించుకురావాలి. దిగాక కూడా వదలదు. తోకచక్రం విమానం కదా, ఆగేదాకా కాళ్లు రడ్డర్ మీద ఆడుతూనే ఉండాలి, ఏమరిస్తే తోక ముందుకొస్తానంటుంది. ఇన్ని అడిగే యంత్రం దగ్గర ఏళ్లు గడిపితే, నేను లేకపోతే ఇది కదలదన్న నమ్మకం ఒంట్లోకి దిగిపోతుంది. నేను డకోటాని ప్రేమించాననే అనుకున్నాను. దానికి నేను కావాలి అనే భావాన్ని అంతకన్నా ఎక్కువ ప్రేమించాను. పిల్లలు పెద్దవాళ్లయినా ఇంటి తాళాలు వదలని తల్లిదండ్రుల్ని నేను ఎప్పుడూ తప్పుపట్టను.

ఇప్పుడు అసలు సంగతి. మా కంపెనీలోకి ఫాకర్ ఫ్రెండ్‌షిప్ విమానాలు వచ్చాయి. రోల్స్‌రాయిస్ డార్ట్ టర్బైన్లు, మబ్బుల పైన ఎగురుతాయి, లోపల కూర్చుంటే పక్కవాడి మాట వినపడుతుంది. ఆ కోర్సుకి నా వంతు వచ్చింది. సీనియారిటీ ప్రకారం వచ్చింది, ఎవరి దయా కాదు. చీఫ్ పైలట్ పిలిపించి ఫారం ముందు పెట్టి, "సంతకం చెయ్యవయ్యా" అన్నారు. చేసేస్తే అయిపోయేది. నేను "సార్, ఒక్క మాట" అన్నాను. ఆ ఒక్క మాట ఎంతకీ తెమల్లేదు. టర్బైన్ అనేది ఇంజనే కాదన్నాను, బటన్ నొక్కితే తిరిగేదానికి పైలట్ ఎందుకన్నాను, ముక్కు కింద చక్రం ఉన్నదాన్ని చంటిపిల్లాడైనా దింపుతాడన్నాను, ఆయన కప్పులో టీ చల్లారి మీగడ కట్టినా ఆపలేదు, పక్క గదిలో గుమాస్తాలు టైపు కొట్టడం మానేసి వింటున్నారని తెలిసి గొంతు ఇంకా పెంచాను, ముసురు పట్టినప్పుడు త్రిపుర కొండల్లో దారి తెలిసినవాడు నేను కాక ఇంకెవడున్నాడన్నాను, ఆఖరికి లేచి నిలబడి ఛాతీ మీద చెయ్యేసుకుని, "నన్ను డకోటా మీదే ఉంచండి సార్, మీకు పుణ్యముంటుంది" అని, ఫారం మీద వద్దని రాసి, సంతకం పెట్టి, సంతకం కింద గీత కూడా గీశాను.

చీఫ్ పైలట్ అంతా విని ఒకటే అడిగారు. "ఇంట్లో అడిగావా?"

అడిగానని చెప్పాను. అడగలేదు.

మా ఆవిడకి ఆ సంగతి తెలిసింది ఒక పెళ్లిలో. నాకన్నా జూనియర్, నా బదులు కోర్సుకి వెళ్లినవాడి భార్య పలకరింపుగా, "అన్నయ్యగారు ఫ్రెండ్‌షిప్ వద్దన్నారటగా వదినా, ఎంత నిస్వార్థమో" అందట. మా ఆవిడ భోజనం మధ్యలో లేవలేదు, ఒక్క మాట తూలలేదు, వధూవరుల మీద అక్షింతలు కూడా వేసింది. ఇంటికొచ్చాక తలుపు గడియ వేసి, "ఏవండీ, నిజమేనా?" అంది. నిజమేనన్నాను. ఎందుకని అడిగింది. చీఫ్ పైలట్ దగ్గర అంతసేపు వాగినవాణ్ణి, ఆవిడ ముందు ఒక్క వాక్యం కూర్చలేకపోయాను. ఏ కారణం చెప్పబోయినా అది కారణంగా నిలవలేదు. మగవాళ్లం బయట ఎంత ధారాళంగా మాట్లాడతామో ఇంట్లో అంత నీళ్లు నములుతాం. మీకు తెలియనిది కాదు.

ఆ తర్వాత నా జూనియర్లు ఫ్రెండ్‌షిప్ మీంచి జెట్ల మీదికి వెళ్లారు. నేను త్రిపురలో కైలాషహర్, కమల్‌పూర్, ఖోవై అంటూ చిన్న చిన్న మైదానాల్లో దిగుతూ ఉండిపోయాను. బియ్యం, ఉప్పు, వార్తాపత్రికలు, పెళ్లివాళ్లు, రోగులు అన్నీ డకోటాలోనే రావాలి అక్కడికి. విమానం దిగితే ఊరు ఊరంతా వచ్చేది. ఆ రోజుల్ని నేను ఇప్పటికీ తక్కువ చెయ్యను. ఆ మనుషులకి ఆ పాత విమానం నిజంగానే కావలసి వచ్చింది, అది నేను కల్పించుకున్నది కాదు.

ఒక రాత్రి సంగతి మాత్రం ఇన్నాళ్లూ తప్పుగా చెప్పాను. నిండా బరువుతో కొండల మీద ఉండగా కుడి ఇంజన్ పోయింది. చప్పుడు, కంపనం, రెక్క మీదంతా ఆయిల్. ప్రొపెల్లర్‌ని ఫెదర్ చేసి, మిగిలిన ఇంజన్‌ని గరిష్ఠంగా పెట్టినా డకోటా ఆ బరువుతో ఎత్తు నిలబెట్టుకోలేకపోయింది. కొంచెం కొంచెంగా దిగజారుతూ, లోయ పట్టుకుని వచ్చి అగర్తలాలో చక్రాలు ఆనించాం. ఆ కథని నేను వీరగాథగా ప్రచారం చేశాను. చెప్పిన ప్రతిసారీ కొండ ఒక వంద అడుగులు పెరిగింది. నా పక్కన కూర్చున్న కుర్రాడి సంగతి ఎప్పుడూ చెప్పలేదు. కొత్తగా చేరినవాడు, దిగాక మెట్ల మీద కూర్చుని చాలాసేపు లేవలేకపోయాడు. నేను ఆ పూట ఉత్సాహంతో ఊగిపోతున్నాను. వాడి భుజం తట్టి, "చూశావా, ఇదీ విమానం నడపడమంటే" అన్నాను. ఆ వాక్యం గుర్తొస్తే ఇప్పటికీ నిద్ర పట్టదు.

పిస్టన్ ఇంజన్ల జ్ఞాపకాలలో మేమంతా చేసే పని ఇదే, కథని మంచిచోట ఆపేస్తాం. మా కాన్‌స్టలేషన్ మిత్రుడు 1948 దగ్గర ఆపేస్తాడు. అదే మలబార్ ప్రిన్సెస్ 1950 నవంబరు 3న మోంట్ బ్లాంక్‌ని ఢీకొని, అందులో ఉన్న 48 మందీ పోయారు. ఆ సంగతి ఆయనకి అందరికన్నా బాగా తెలుసు. నేనూ ఆయన్ని అడ్డుకోను. పోయిన స్నేహితుల పేర్లు మాలో ప్రతివాడికీ కొన్ని ఉన్నాయి, వాటిని కాఫీ అయ్యాక, వెళ్లబోయే ముందు, నిలబడి తలుచుకుంటాం.

చివరికి నేనూ టర్బైన్ నేర్చుకోవలసి వచ్చింది. డకోటాలు ఒక్కొక్కటే మూలపడుతుంటే ఇంకెక్కడికి పోతాను? క్లాసులో అందరికన్నా పెద్దవాణ్ణి. పాఠం చెప్పేది ఒకప్పటి నా కో-పైలట్. అతను బోర్డు దగ్గర నిలబడి కూడా నన్ను "సార్" అనే పిలిచాడు. అందుకు జీవితాంతం రుణపడి ఉంటాను. మొదటిసారి డార్ట్ స్టార్ట్ చేశాను. బటన్ నొక్కితే సన్నగా ఈల వేసుకుంటూ తిరిగింది. దగ్గు లేదు, పొగ లేదు, లెక్కపెట్టడానికి ఏమీ లేదు. నా చేతులకి పని లేక ఒళ్లో పెట్టుకున్నాను. మొదటి ప్రయాణం ముసురులోనే పడింది. మబ్బుల పైకి లేచేసరికి ఎండ. దిగాక మెట్ల దగ్గర నిలబడ్డాను. ఒకావిడ చంకలో బిడ్డతో నవ్వుతూ దిగింది. బిడ్డ ఒళ్లు తెలియకుండా నిద్రపోతోంది, ఆవిడ చీర మీద ఒక్క మరక లేదు. డకోటాలో ఆ దారిన అలా దిగిన తల్లిని నేను చూడలేదు. ఆ రోజు ఇంటికొచ్చి మా ఆవిడతో, "అప్పుడే వెళ్లి ఉండవలసింది" అన్నాను. "తెలుసు" అని అన్నం వడ్డించింది. పెళ్లినాటి ప్రశ్నకి ఆ రాత్రి జవాబు చెప్పాను, పైన మీకు చెప్పిన జవాబే. నా అవసరం ఉన్నచోటు వదిలి రాలేకపోయానని చెప్పాను. ఆవిడ చాలాసేపు ఏమీ అనకుండా, "నాకూ మీ అవసరం ఉండేది కదండీ" అంది.

2018లో మన వైమానిక దళానికి ఒక పాత డకోటా ఇంగ్లండులో బాగుచేయించుకుని వచ్చింది. దానికి పరశురామ అని పేరు పెట్టారు, ఒంటి మీద వీపీ 905 అని రాశారు. 1947 అక్టోబరు 27న శ్రీనగర్‌లో మన సైనికుల్ని దింపిన డకోటా నంబరది. టీవీలో దాన్ని చూసి నేను ఇల్లంతా తిరిగాను. ప్రొపెల్లర్లు కలవలేదు, ఎడమది కొంచెం వేగంగా ఉందని మా మనవడితో వాదించాను. ఈ వయసులో నా చెవికి ఫోను మోగడం వినపడదు. అయినా అది కలవలేదు.

ఈమధ్యే ఆ మనవడు ఇంకోటి చూపించాడు. అమెరికాలో ఆష్‌కాష్ అనే ఊళ్లో బాస్లర్ అనే కంపెనీ పాత డకోటాల్ని తీసుకుని, ఒళ్లు కాస్త పొడిగించి, ట్విన్ వాస్ప్‌లు పీకేసి, టర్బైన్లు పెడుతోంది. అవి కాళ్లకి స్కీలు తొడుక్కుని అంటార్కిటికాలో మంచు మీద దిగుతున్నాయి. దక్షిణ ధ్రువం మీద మొట్టమొదట దిగిన విమానం, 1956 అక్టోబరు 31న, ఒక డకోటానే, అమెరికా నౌకాదళానిది. ఆ దారినే దాని తోబుట్టువులు ఇప్పటికీ వెళ్లొస్తున్నాయి, నేను ఇంజనే కాదన్న ఇంజన్‌తో. వీడియో మళ్లీ మళ్లీ పెట్టించుకుని చూశాను. ఇంజన్ల ముక్కులు సన్నగా పొడుగ్గా సాగాయి, మొదట నచ్చలేదు. తర్వాత తోక లేచిన తీరు చూశాను. మా డకోటానే.

ఆ పైలట్లు ఎవరైనా దొరికితే అడగడానికి ఒక కాగితం మీద రాసి పెట్టుకున్నాను. ప్రొపెల్లర్లు చెవితో కలుపుతున్నారా, ముందు అద్దం ఇంకా కారుతోందా, దిగాక కాళ్లు ఆడించాల్సి వస్తోందా, ఇలాంటివి చాలా ఉన్నాయి. టర్బైన్ ఎలా ఉంది అన్నది మాత్రం అన్నిటికన్నా ముందు రాశాను.